పాట మీద తెల్లకాగితం

మా అక్క కొడుకు మాంచెస్టర్‌లో ఉంటాడు. కిందటేడు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, రెండోరోజు రాత్రి భోజనాలయ్యాక, "పిన్నీ, నీకో వస్తువు చూపిస్తాను, చేతులు శుభ్రంగా కడుక్కునిరా" అన్నాడు. వాడు పూజగదిలోకి వెళ్ళేముందు కూడా ఏనాడూ చేతులు కడుక్కున్న పాపాన పోలేదు. ఏ దేవుడి విగ్రహమో కొన్నాడు కాబోలనుకుని, సంబరపడుతూ కడుక్కుని వెళ్ళాను.

గోడ పొడుగునా చెక్క అరలు. అరల నిండా చిన్న చిన్న గ్రామఫోను రికార్డులు. ఒకప్పుడు మన ఇళ్ళల్లో సినిమా పాటల ఇ.పి.లు ఉండేవి, జ్ఞాపకం ఉందా? అదే సైజు. ఏడంగుళాలు, నిమిషానికి 45 చుట్లు. అందులోంచి ఒకటి తీశాడు. పైన ప్లాస్టిక్ సంచీ, దాని లోపల అట్ట, అట్ట లోపల కాగితం కవరు. పురిటిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని చూపించాడు. 1960లలో అమెరికాలో ఎవరో నల్లజాతి అమ్మాయి పాడిన పాటట. ఆ రికార్డు వేసిన కంపెనీ ఏడాది కూడా బతకలేదట. దాని ఖరీదు వాడి కారు ఖరీదుకన్నా ఎక్కువట.

"బావుంది. పెట్టు, విందాం" అన్నాను.

"అమ్మో! పెడితే అరిగిపోదూ?" అన్నాడు.

"మరి వినేదెలాగరా?"

వాడు రికార్డుని మళ్ళీ మూడు పొరల్లోనూ జాగ్రత్తగా దాచి, జేబులోంచి సెల్‌ఫోను తీసి, అదే పాట అందులో వినిపించాడు!

ఆ రాత్రి మాకు మొదలైన తగువు నేను విమానం ఎక్కేదాకా తెగలేదు. ఇంటికొచ్చాక కూడా తెగలేదు. అందుకే మీ అందరి ముందూ పెడుతున్నాను.

ముందే చెప్పేస్తాను, వస్తువులు సేకరించడం తప్పని నేననను. ఆ మాట అనే అర్హత నాకు లేదు. "నీ గద్వాల చీర ఎన్నిసార్లు కట్టావు పిన్నీ?" అని వాడు వెంటనే అడిగాడు. పెళ్ళయిన కొత్తలో కొన్నది. రెండుసార్లు కట్టాను. జవాబు చెప్పలేక నోరు మూసుకున్నాను. అయినా ఆడవాళ్ళు చీరలు దాచుకుంటే చీరల పిచ్చి అనీ, మగవాళ్ళు రికార్డులు దాచుకుంటే అభిరుచి అనీ లోకం ఎందుకు అంటుందో నాకిప్పటికీ అర్థం కాదు. సరే, ఆ సంగతి మరోసారి.

అసలు ఆ రికార్డులేమిటో కొంచెం చెప్పాలి. అమెరికాలో దక్షిణాది పత్తి చేలనుంచి లక్షలమంది నల్లవాళ్ళు డిట్రాయిట్, చికాగో వంటి ఊళ్ళకి ఫ్యాక్టరీ పనులకోసం వలస వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ తమ చర్చిలలో పాడుకునే పాటని కూడా పట్టుకెళ్ళారు. ఆ భక్తిపాటలోని ఆర్తి ప్రేమపాటలోకి దిగితే పుట్టినదే సోల్ సంగీతం. సోల్ అంటే ఆత్మ. పేరుకి తగ్గట్టే ఉంటుంది. మాట అర్థం కాకపోయినా గొంతులోని బాధ అర్థమవుతుంది. రేడియోలో ఏ ఊరి పాటో వచ్చినా చేతిలో గరిటె ఆగిపోతుందే, అలాగన్నమాట.

ఈ పాటలు వేసిన కంపెనీలన్నీ మహా సంస్థలనుకునేరు! కార్ల ఫ్యాక్టరీలో పనిచేసిన బెర్రీ గోర్డీ అనే ఆయన 1959లో ఇంట్లోవాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని డిట్రాయిట్‌లో మొదలుపెట్టాడు. అదే మోటౌన్ అయింది, ప్రపంచమంతా మోగింది. మెంఫిస్‌లో ఎస్టెల్ ఆక్స్‌టన్ అని ఒకావిడ ఉండేది. బ్యాంకులో ఉద్యోగం, ఇల్లు, పిల్లలు. తమ్ముడి రికార్డు కంపెనీకి రికార్డింగు యంత్రం కావాలంటే 1958లో తన ఇంటిని తాకట్టు పెట్టి 2,500 డాలర్లు తెచ్చిచ్చింది! తరవాత ఒక పాత సినిమా హాలుని అద్దెకి తీసుకుని స్టూడియో చేశారు. హాలు ముందు తినుబండారాలు అమ్మే చోట ఆవిడ రికార్డుల కొట్టు పెట్టింది. కుర్రకారు ఏ పాట విని ఊగుతున్నారో, ఏది విని పెదవి విరుస్తున్నారో కౌంటరు వెనకనుంచి చూసి తమ్ముడికి చెప్పేది. అదే స్టాక్స్ కంపెనీ. ఆ పేరులో సగం ఆవిడ ఇంటిపేరే.

వీళ్ళు గెలిచినవాళ్ళు. గెలవనివాళ్ళు ఎంతమందో. ఊరూరా ఒక చిన్న కంపెనీ. కొట్టు నడిపేవాడొకడు, రేడియోలో పాటలు వేసేవాడొకడు, ఉన్న నాలుగు డబ్బులూ పోసి అయిదువందలో వెయ్యో రికార్డులు వేయించేవారు. కారు డిక్కీలో పెట్టుకుని రేడియో స్టేషన్ల చుట్టూ తిరిగేవారు. రేడియోలో మోగాలంటే అక్కడివాళ్ళ చెయ్యి తడపాలి. ఒకవేళ అదృష్టం బాగుండి మోగినా, కొట్లకి సరుకు చేరవేసే పంపిణీదారు డబ్బు వెంటనే ఇవ్వడు. రెండో పాట కూడా ఆడితేనే మొదటిపాట బాకీ కదిలేది. చేతిలో డబ్బు లేనివాడు రెండోపాట ఎక్కణ్ణించి వేస్తాడు? అలా మూతపడేవి. గోర్డీ మాజీ భార్య రేనోమా, తన భర్త ఎడ్డీ సింగిల్టన్‌తో కలిసి 1960ల నడుమ వాషింగ్టన్‌లో పెట్టిన ష్రైన్ అనే కంపెనీ కూడా అంతే. రెండుమూడేళ్ళు నడిచి ఆగిపోయింది. ఒక్క పాటా పెద్దగా ఆడలేదు. ఇవాళ ఆ ష్రైన్ రికార్డు దొరికిందంటే సేకరించేవాళ్ళకి నిధి దొరికినట్టే.

మరి అమెరికాలో ఎవరూ కొనని పాటలకి ఇంగ్లండులో ఇంత గిరాకీ ఎలా వచ్చింది? ఈ సంగతి మా వాడు చెబుతుంటే నిజంగా ముచ్చటేసింది. ఇంగ్లండు ఉత్తర ప్రాంతమంతా బొగ్గుగనులూ, నూలుమిల్లులూ, ఫ్యాక్టరీలూ. వారమంతా అందులో నలిగిన కుర్రాళ్ళు, అమ్మాయిలు శనివారం రాత్రికి ఎక్కడెక్కణ్ణించో బస్సులెక్కి వచ్చి తెల్లవార్లూ ఈ పాటలకి నృత్యం చేసేవారు. మాంచెస్టర్‌లో ట్విస్టెడ్ వీల్, అది మూతపడ్డాక స్టోక్ దగ్గర టార్చ్, 1973నుంచి 1981దాకా విగాన్ కసీనో. అక్కడ మద్యం అమ్మేవారు కాదు. (మాత్రలు మింగేవారట, ఆ మాటా దాచలేదు మావాడు.) కాళ్ళు సులువుగా జారాలని నేల మీద టాల్కం పౌడరు చల్లుకునేవారట. తమలాగే చెమటోడ్చిన ఎక్కడివాళ్ళ పాటో తమ పాటే అనుకున్నారు పాపం. లండన్‌లో రికార్డుల కొట్టు నడిపిన డేవ్ గాడిన్ 1970లో ఒక సంగీత పత్రికలో దీనికి 'నార్తర్న్ సోల్' అని పేరు పెట్టాడు.

వాళ్ళకి కొత్త పాటలు కావాలి. అమెరికాలో కొత్తవి రావడం తగ్గింది, వచ్చినా బాణీ మారిపోయింది. అందుకని పాతవాటిలోనే ఎవరూ విననివి వెతకడం మొదలుపెట్టారు. సముద్రం దాటి వెళ్ళి, గోదాముల్లో ధూళి పట్టిన పెట్టెలు తిరగేసి, పైసలకి కొనుక్కొచ్చారు. గ్లోరియా జోన్స్ 1960ల నడుమ పాడిన 'టెయింటెడ్ లవ్' అలా దొరికిందే. అమెరికాలో రికార్డు రెండోవైపున పడి ఎవరి చెవినా పడని పాట, ఈ ఇంగ్లీషు మిల్లుల కుర్రాళ్ళ పుణ్యమా అని బతికింది. 1981లో సాఫ్ట్ సెల్ అనే ఇంగ్లీషు జంట మళ్ళీ పాడితే ఆ దేశంలో మొదటి స్థానానికి ఎక్కింది.

ఇంతవరకూ వాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెడతాను. వాళ్ళే లేకపోతే ఈ పాటలు చెత్తకుప్పల పాలయ్యేవన్న మాట అక్షరాలా నిజం. నా తగువల్లా ఆ తరవాతదాని గురించే.

గొప్ప పాట దొరికినవాడు ఏం చేసేవాడో తెలుసా? రికార్డు మధ్యన గుండ్రటి లేబులు ఉంటుంది కదా, గాయని పేరూ పాట పేరూ ఉండేది, దాని మీద తెల్లకాగితం అంటించేసేవాడు. పక్కవాడు చూసి తనూ ఒకటి సంపాదిస్తాడేమోనని భయం. అంతటితో ఆగేవాడు కాదు, పాటకొక దొంగపేరు పెట్టి, పాడినవాళ్ళకి మరొకరి పేరు తగిలించి వినిపించేవాడు. జనం ఊగిపోతూ ఆడేవారు. ఎవరి గొంతుకి ఆడుతున్నారో వాళ్ళకి తెలియదు. పాడిన మనిషి అమెరికాలో ఏ ఇంట్లోనో అంట్లు తోముకుంటూ ఉండేది. ఆవిడకీ తెలియదు.

ఇదీ నాకు మంటెక్కించిన సంగతి. ఒక మనిషి ఊపిరంతా పోసి పాడితే, ఆ పేరు మీద కాగితం అంటించే హక్కు ఎవరిచ్చారండీ? బీదవాళ్ళు కాబట్టి, దూరాన ఉన్నారు కాబట్టి, అడిగే దిక్కు లేదు కాబట్టి చేశారు. మన వంటకి పొరుగింటావిడ పేరు చెప్పి వడ్డిస్తే మనం ఊరుకుంటామా?

ఫ్రాంక్ విల్సన్ కథ వినండి. ఆయన మోటౌన్‌లో పాటలు తయారుచేసే నిర్మాత. 1965లో తనే ఒక పాట పాడాడు. రికార్డు విడుదల కాబోయే ముందు కంపెనీ ఆపేసింది. గాయకుడిగా కంటే నిర్మాతగానే ఉండిపోవడానికి ఆయన ఒప్పుకున్నాడు. వేసిన ప్రతులు నాశనం చేశారు, వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. 1970ల చివర్లో అందులో ఒకటి విగాన్ చేరింది. అప్పుడు దాన్ని ఎవరి పేరున వినిపించారు? ఎడ్డీ ఫోస్టర్ అనే మరో గాయకుడి పేరున! పాడినాయన పేరు పోయింది, పాడనాయనకి పాడని పాట అంటుకుంది. అదే రికార్డు 2009లో 25,742 పౌన్లకి అమ్ముడుపోయింది. 2020లో ఒక ప్రతి లక్ష పౌన్లు పలికింది. మన లెక్కలో కోటి రూపాయలకి దగ్గర దగ్గర. ఫ్రాంక్ విల్సన్ 2012లో పోయాడు. బతికున్నప్పుడు జరిగిన అమ్మకంలోగాని, పోయాక జరిగిన అమ్మకంలోగాని పాడిన గొంతుకి రావలసిన వాటా అని చట్టంలో ఒక్క పైసా లేదు. చేతులు మారిన పాత రికార్డు మీద పాడినవాళ్ళకి హక్కేమీ ఉండదు. అంతెందుకు, ఆ దేశంలో మామూలు రేడియోలో పాట మోగినా రాసినవాళ్ళకి డబ్బు ముడుతుందిగాని పాడినవాళ్ళకి ముట్టదు. ఈ రోజుకీ అంతే.

ఈ మాటలన్నీ అంటే మావాడు మూడు సమాధానాలు చెప్పాడు. మూడూ తెలివైనవే.

మొదటిది: "నా డబ్బు పెట్టి కొనుక్కున్నాను, నా ఇష్టం." నిజమే నాయనా, నువ్వు కొన్నది ఆ పళ్ళేన్ని. గొంతుని కాదు. చెల్లాయి పుస్తకం చదవమని ఇస్తే అట్టమీద పేరు చెరిపేసి నీ పెట్టెలో పెట్టుకుంటావా?

రెండోది: "అరిగిపోకుండా కాపాడుతున్నాం. ఆ కాలంలో కొన్ని స్టైరీన్ అనే నాసి సరుకుతో వేసేవారు, ముల్లు పెడితే గాడి దెబ్బతింటుంది." ఇదీ నిజమే. కాపాడితే కాపాడండి. ఒకసారి మంచి యంత్రం మీద పెట్టి పాటని ఎత్తి రాసుకుని, పళ్ళేన్ని భద్రంగా దాచండి, ఎవరొద్దన్నారు? కానీ వీళ్ళు కాపాడేది పాటని కాదు, కొరతని. అనుమానముంటే ఇది చూడండి. ఏ గోదాములోనో అదే రికార్డు ప్రతులు పెట్టెడు బయటపడ్డాయనుకోండి. పాట మీద ప్రేమ ఉన్నవాడు పండగ చేసుకోవాలి కదా? వీళ్ళు గుండెలు బాదుకుంటారు, ధర పడిపోయిందని! అరుదైన పాటని మళ్ళీ కంపెనీవాళ్ళు వేసి అందరికీ అందుబాటులోకి తెస్తే, ఆనాటి క్లబ్బుల్లో ఆ పాటని పక్కన పడేసేవారట. నిన్నటిదాకా ప్రాణం పెట్టిన పాట, పదిమందీ విన్నారనేసరికి మైలపడింది!

మూడోది: "ఇప్పుడు ఫోనులో అన్నీ ఉన్నాయిగా పిన్నీ, ఎవరైనా వినొచ్చు, ఇంక గొడవేముంది?" ఇది విని నేనే వాణ్ణి అడిగాను, ఫోనులోకి ఆ పాట ఎలా వచ్చిందిరా అని. ఎవడో ఒకడు కాగితం పీకి, పేరు చెప్పి, పాట బయటపెట్టబట్టే కదా వచ్చింది! దాచినవాళ్ళు చేసిన ఉపకారం కాదది. బయటపెట్టినవాళ్ళు చేసింది.

అలాంటివాళ్ళు లేకపోలేదు. డిట్రాయిట్‌లో పెరిగిన బెట్టీ లవెట్ గాయని పేరు విన్నారా? పదహారేళ్ళకే, 1962లో, మొదటి పాటతో పేరొచ్చింది. 1965లో కాలా అనే చిన్న కంపెనీకి ఒక గొప్ప పాట పాడింది. 1972లో పెద్ద కంపెనీ ఒకటి ఆవిడచేత ఆల్బం నిండా పాడించి, తీరా విడుదల చెయ్యకుండా బీరువాలో పెట్టేసింది. ఏళ్ళూ పూళ్ళూ గడిచాయి. దొరికిన చోటల్లా పాడుతూ ఆవిడ ముప్ఫయ్యేళ్ళకి దగ్గరగా అలాగే నెట్టుకొచ్చింది. ఫ్రాన్సులో జిల్ పెటార్ అనే సేకర్త ఉన్నాడు. ఆయన ఆ పాటలకోసం కంపెనీవాళ్ళని పట్టుకుని, హక్కులు తీసుకుని, 2000లో తన సొంత చిన్న కంపెనీ మీద విడుదల చేశాడు. దానితో ఆవిడ దశ తిరిగింది. మళ్ళీ ఆల్బములు వచ్చాయి. 2009 జనవరిలో ఒబామా పదవీ స్వీకారోత్సవాల్లో లింకన్ మెమోరియల్ ముందు లక్షలాది జనం ఎదుట నిలబడి పాడింది. అప్పటికావిడకి అరవై దాటాయి.

పెటార్ కూడా సేకర్తే, మావాడూ సేకర్తే. ఆయన చేతిలో పడ్డ పాట ఒక మనిషిని లేపి నిలబెట్టింది. మావాడి చేతిలో పడ్డ పాట మూడు పొరల కింద నిద్రపోతోంది. నార్తర్న్ సోల్ అని పేరు పెట్టిన ఆ గాడిన్ కూడా 1997 నుంచి కెంట్ కంపెనీ ద్వారా తనకి ప్రాణప్రదమైన పాటల్ని సంపుటాలుగా వేయించి, ఒక్కొక్కరి పేరూ వివరమూ రాసి అందరికీ పంచిపెట్టాడు. చికాగోలో న్యూమెరో గ్రూప్ అనేవాళ్ళు 2004లో తమ మొట్టమొదటి ప్రచురణగా ఒహాయో రాష్ట్రంలో మరుగునపడిన కాప్సోల్ అనే చిన్న కంపెనీ పాటల్ని వెలికితీశారు. ఇలా చెయ్యడం సాధ్యమేనని వీళ్ళు చేసి చూపించారు. కాబట్టి చేతకాలేదనే సాకు ఇంక చెల్లదు.

మరింకేం కావాలంటావని వాడే అడిగాడు చివరికి. రెండు కావాలన్నాను.

ఒకటి, పేరు. కాగితాలు అంటించే ఆటలు కట్టిపెట్టండి. ఈ రోజుల్లో కూడా కొందరు ఆ పని చేస్తున్నారట, పాత సరదా అట. పాడిందెవరో, ఎక్కడివాళ్ళో, వెనక వీణో డోలో వాయించిందెవరో తెలిసినంతమట్టుకు రాసి పదిమందికీ చెప్పండి.

రెండు, వాటా. ఇది వినేసరికి వాడు పకపకా నవ్వాడు. నవ్వుతావేం? అదే ఇంగ్లండులో చిత్రకారుడి బొమ్మని వేలంలో మళ్ళీ అమ్మితే, అమ్మిన ధరలో నూటికి నాలుగు వంతుల దాకా చిత్రకారుడికి ఇవ్వాలని 2006నుంచి చట్టం ఉంది. పోయినవాళ్ళ వారసులకి కూడా 2012నుంచి ఇస్తున్నారు. ఫ్రాన్సులో 1920లోనే పెట్టారు. బొమ్మకి ఉన్న న్యాయం గొంతుకి ఎందుకు లేదు? "రికార్డు అచ్చేసిన ప్రతి పిన్నీ, బొమ్మలాగా ఒక్కటే కాదు" అంటాడు. మీరు మాత్రం దాన్ని ప్రతిలాగా చూస్తున్నారా? ఒక్కటే ఒక్కటి అని చెప్పేగా లక్ష పౌన్లు పుచ్చుకుంటున్నారు! డబ్బు తీసుకునేటప్పుడు ఏకైక కళాఖండం, వాటా ఇవ్వాలంటే మామూలు ప్రతీనా? చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. అమ్మినవాడు తన లాభంలోంచి కాస్త తీసి, పాడిన మనిషినో వాళ్ళ పిల్లలనో వెతికి ఇవ్వొచ్చు. గోదాములో రికార్డు వెతకడానికి సముద్రాలు దాటినవాళ్ళకి మనిషిని వెతకడం అంత కష్టమా?

వాడు దానికి ఏమీ అనలేదు. విమానాశ్రయంలో సామాను దింపుతూ మాత్రం, "నువ్వు చెప్పింది ఆలోచిస్తాను గాని, గద్వాల చీర సంగతి తేలలేదు" అన్నాడు.

తేల్చాను. వచ్చాక వారం తిరక్కుండానే కట్టాను, దాన్నే కట్టుకుని పేరంటానికి వెళ్ళాను, కుంకం మరకా చేసుకున్నాను. ఫొటో తీసి వాడికి పంపించాను. ఇప్పుడు వంతు వాడిది. ఆ అమ్మాయి పాట ముల్లు కింద ఎప్పుడు మోగుతుందా అని ప్రతి ఆదివారం ఫోనులో అడుగుతూనే ఉన్నాను.